ఎడమ పక్క అర ఇంచు వదులు

ఉదయగిరిలో మా కొట్టుకు పేరు బోర్డు లేదు. జాకెట్లు కుట్టే ఆమె అంటే బస్టాండు దగ్గర ఎవరైనా చెయ్యి చూపిస్తారు. ఇంటి ముందు గదే కొట్టు. ఒక మిషను, కత్తిరించే బల్ల, నిలువుటద్దం, కొలతలు తీసుకునేటప్పుడు లాగే పరదా, అంతే. ఇరవై రెండేళ్లుగా ఆ పరదా వెనకే నా బతుకు. ఊళ్లో ఆడవాళ్ల ముఖాలైనా మరచిపోతానేమో గానీ కొలతలు మరచిపోను. ఎవరికి ఒక భుజం కిందికి ఉంటుందో, ఎవరికి కాన్పు తర్వాత రెండించులు పెరిగిందో, ఎవరు సన్నగా కనిపించాలని ఊపిరి బిగబడతారో నాకు తెలుసు. "ఊపిరి వదలమ్మా, పెళ్లిలో అన్నం తినొద్దా" అంటాను. నవ్వుతారు, వదులుతారు, అప్పుడు టేపు చూసుకుంటాను.

అంత దగ్గరగా మసిలే మనుషులం, రొమ్ము అనే మాట మాత్రం మా కొట్లో ఎవరూ అనరు. నేనూ అనను. చెస్టు అంటాం. చెస్టు ముప్పయ్యారు, చెస్టు నలభై. పక్కన అంకె ఉంటే సిగ్గు ఉండదు.

నా తాళి గొలుసుకు ఎప్పుడూ పిన్నీసులు వేలాడుతుంటాయి. మా వైపు ఆడవాళ్లంతా ఒకటో రెండో తగిలించుకుంటారు, పైట జారినా హుక్కు ఊడినా అక్కరకొస్తుందని. నాది ఈ పని కాబట్టి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. పెళ్లికి పోతే పెళ్లికూతురి కంటే నన్నే ఎక్కువ మంది వెతుక్కుంటారు. మొన్నటి ఎండాకాలం ముహూర్తాలు ఎక్కువ. పాతవన్నీ తలా ఒకటి పంచేసి, కొత్త ప్యాకెట్టు విప్పి గుత్తిగా తగిలించుకున్నాను. మిషను మీద వంగినప్పుడు గుడ్డకు తగులుకోకుండా ఆ గుత్తిని జాకెట్టు లోపలికి వేసుకోవడం నా అలవాటు.

మే నెలలో ఒక పొద్దున స్నానం చేసి తుడుచుకుంటుంటే తువ్వాలుకు ఏదో గరుగ్గా తగిలింది. ఎడమ రొమ్ము మీద, లోపలి వైపు, చింతగింజంత చోట చర్మం కందిపోయి ఉంది. నొప్పి లేదు. కొంచెం దురద. ఉడుకు పొక్కులనుకుని పౌడరు చల్లుకుని వచ్చి మిషను ఎక్కాను. వారానికి అది రేగుపండంత అయింది. రంగు గోధుమకు తిరిగింది. అంచున చర్మం సన్నగా ముడత పడింది. గుడ్డ మీద ముడత కనపడితే చేత్తో సాపు చేసి పారేసే మనిషిని, ఆ ముడతను వేలితో ఎన్నిసార్లు సాపు చేశానో.

మందుల షాపుకు పోయి చేతి మీద తామర అని అబద్ధం చెప్పాను. ఆయన చెయ్యి చూపించమన్నాడు. మా అత్తకయ్యా అన్నాను. రాసుకునే గొట్టం మందు ఇచ్చాడు. దానికి మంట పుట్టింది గానీ మచ్చ కదల్లేదు. తర్వాత ఫోను పట్టుకున్నాను. ఫోనుకు నోటితో చెప్తే తెలుగులో వెతికి పెడుతుంది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, మొదటిసారి ఆ మాట ఫోనుతో అన్నాను. అది చూపించినవన్నీ చూశాను. అందులో పది సంగతులు మామూలువే చెప్పారు, ఒకటే చెడ్డది. నా కంటికి ఆ ఒకటే ఆనింది. అది మొదలు నేను జాకెట్టు డిజైన్లు చూద్దామని తెరిచినా ఫోను అవే వీడియోలు ముందు పెట్టేది. మా ఆయన కంట పడతాయని ఫోనును గుడ్డముక్కల బుట్టలో దాచాను.

ఇంత భయం ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మది మర్రిపాడు పక్కన పల్లె. కూలి పనికి పోయే మనిషి. తొమ్మిదేళ్ల కిందట ఒకరోజు బస్సు దిగి, సంచిలోంచి నాలుగు జాకెట్లు తీసి బల్ల మీద పెట్టింది. "ఎడం పక్క కొంచెం లూజు చెయ్యి, బిగుతుగా ఉండాది" అంది. పరదా లాగి టేపు పెట్టాను. ఎడమ పక్క అర ఇంచు తేడా ఉంది. ఒక పక్కే ఎందుకు బిగుతయిందని నేను అడగలేదు. బల్ల మీద పెళ్లివాళ్ల జాకెట్లు గుట్టగా ఉన్నాయి. పుస్తకంలో రాసుకున్నాను, కుట్టు విప్పి అర ఇంచు వదిలాను, మళ్లీ కుట్టాను. నాలుగూ గంటలో అయిపోయాయి. అమ్మ ఒకటి తొడుక్కుని వచ్చి మా అత్తకు చూపించింది. "నా కూతురు చెయ్యి పడితే ఎట్ట కుదిరిందో చూడొదినా" అని మురిసిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత వేరుశనగ చేలో కూలబడితే నెల్లూరు తీసుకుపోయాం. లోపలికి తీసుకుపోయి చూసిన డాక్టరు బయటికొచ్చి, ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ చూడలేదా అని అడిగాడు. ఆయన కోపంగా అడగలేదు. నేనే చూశానని ఆయనకు ఎలా చెప్పను? టేపు పెట్టి మరీ చూశాను. అమ్మ ఆ ఏడాది దాటలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అని ఆఖరి రోజుల్లో అడిగితే, "నీకు పని ఎక్కువ గదా" అంది.

నా మీద మచ్చ వచ్చాక అమ్మ మీద కోపం పోయింది. ఎందుకు దాచిందో అర్థమైంది. చెప్పాలంటే ముందు ఆ మాట నోటితో అనాలి. అననంత కాలం అది ఉట్టి దురదే. పైగా కొండాపురంలో కాపురం చేసుకుంటున్న నా కూతురికి ఆరో నెల. శ్రావణంలో పురుటికి వస్తుంది. రోజూ పొద్దున ఫోను చేసి, అమ్మా ఈరోజు బిడ్డ తన్నింది అని చెబుతుంది. ఆ పిల్లకు ఏమని చెప్పను? దాని బిడ్డకు నీళ్లు పోయడానికి నేను ఉంటానో లేదో అన్నదే నా బుర్రలో తిరుగుతుండేది. ఒక్కోరోజు చేతిలో కత్తెరతో అలాగే నిలబడిపోయేదాన్ని. ఒకామె పట్టు జాకెట్టుకు రెండు చేతులూ కుడివే కత్తిరించి పెట్టాను. ఇరవై రెండేళ్లలో అలాంటి తప్పు చేసి ఎరగను.

మా ఆయన లారీ డ్రైవరు. బద్వేలు మీదుగా పోయే లోడ్లు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు. ఆ రెండు రోజులూ నేను అటు తిరిగి పడుకున్నాను. నాకు కోపం వచ్చిందనుకున్నాడు పాపం. ఏ తప్పు చేశాడో తనకే తెలియక, తర్వాతి ట్రిప్పులో మామిడిపళ్ల బుట్ట, ఒక చీర తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏందో చెప్తే గదా తెలిసేది" అన్నాడు. చీర బాగుంది అన్నాను. ఆ బుట్ట ముందు కూర్చుని పళ్లు కోస్తూ ఏడుపు ఆపుకోలేక ఉల్లిపాయలు కూడా కోశాను.

దొరికిపోయింది మా అత్త దగ్గర. ఆమెకు డెబ్బై దగ్గర పడింది. నోరు పెద్దది, చూపు అంతకంటే పెద్దది. నా ముఖం పాలిపోయిందని, దిష్టి తగిలిందని, దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. మెడకు కడితే చెమటకు దారం పాడవుతుందని, ఇంకో పిన్నీసు వెతికి ఆ తాయెత్తును కూడా నా తాళికే తగిలించింది. గుత్తి ఇంకా బరువెక్కింది. నాలుగు రోజులు చూసింది. దిష్టి దిగలేదు. ఐదోరోజు మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడత పెడుతూ నా జాకెట్టు ఒకటి ముక్కుకు పెట్టుకుంది.

"ఏమే, ఎడం పక్కంతా మందు వాసన. నాలుగు జాకెట్లకూ అంతే. ఏంది కథ?"

"ఏం లేదత్తా. చెమటకాయలు."

"చెమటకాయలకు ఎవురన్నా ఏడుస్తారంటే? ఈడ కూర్చో."

నేను కూర్చోలేదు. ఆమె లేచి వచ్చి వీధి తలుపు గడియ పెట్టింది, పరదా లాగింది. ఊళ్లో అందరినీ నిలబెట్టే చోట నన్ను నిలబెట్టింది. తాళిని గుత్తితో సహా వీపు మీదికి తోసి, హుక్కులు విప్పి చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. ముఖంలో ఏమీ కనపడనీయలేదు. పైట తనే సర్దింది.

"మీయమ్మ గుర్తొచ్చిందా?" అంది.

తల ఊపాను. అప్పుడు వచ్చింది ఏడుపు. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక మా అత్త భుజం మీద తల పెట్టి నేను ఏడవడం అదే మొదటిసారి. మాకు అలాంటి అలవాటు లేదు. మేం ఇద్దరం చింతపండు ఎక్కువైందనీ తక్కువైందనీ మాట్లాడుకునే మనుషులం. ఆమె చేతులు ఏం చేయాలో తెలియక కాసేపు గాల్లో ఉండి, తర్వాత నా వీపు మీదికి వచ్చాయి.

"రేపు ఆత్మకూరు పోతా ఉండాం. మొగుడికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే ఫోను చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అటువైపు లారీ పక్కకు తీసి ఆపిన చప్పుడు, తర్వాత ఇండికేటరు టిక్కుటిక్కుమని కొట్టుకోవడం మాత్రం వినిపించింది. "దీనికా నువ్వు అటు తిరిగి పడుకునింది" అన్నాడు చివరికి. "నేను చీర తెస్తినే."

పొద్దున మొదటి బస్సులో ఆత్మకూరు పోయాం. అత్త కిటికీ పక్కన కూర్చుని దారంతా మాట్లాడుతూనే ఉంది. ఎవరి పొలంలో బోరు ఎండింది, ఎవరు ఇల్లు కట్టారు, ఎవరి కోడలు ఎంత పొగరుబోతు. మామూలుగా అయితే విసుగొచ్చేది. ఆరోజు ఆమె ఆపితే బాగుండదనిపించింది. మాటలు అయిపోయినప్పుడు సంచిలోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది, వాంతి వస్తుందేమోనని. నాకు బస్సు పడదని ఆమెకు గుర్తుందని నాకు తెలియదు.

ఆడ డాక్టరు పెద్దావిడ. ముందు గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు. నేను అలవాటు కొద్దీ అందరి జాకెట్లూ చూస్తూ కూర్చున్నాను. ఒకామెకు చంక దగ్గర పట్టేసింది, ఇంకొకామెకు మెడ వెనక లేస్తోంది. వీళ్లందరూ ఏం దాచుకుని వచ్చారో అనుకున్నాను. నా వంతు వచ్చాక అత్తను బయట ఉండమన్నారు. ఆమె వినిపించుకోలేదు, నా వెనకే లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

డాక్టరు అన్నీ అడిగింది. మా అమ్మ సంగతి చెప్పాను. జాకెట్ల సంగతి కూడా చెప్పాను, ఎవరూ అడగకుండానే. ఆవిడ రాసుకోవడం ఆపి విన్నది. తర్వాత పడుకోబెట్టి, చేతులు పైకెత్తించి, రెండు పక్కలా, చంకల్లో, నిదానంగా తడిమి చూసింది. "గడ్డలేవీ చేతికి తగలడం లేదమ్మా" అంది. లేచి కూర్చోమని, లైటు పెట్టి మచ్చను చూసింది. దాని ఆకారం చూసింది. ఒక పక్క గుండ్రంగా, ఒక పక్క పొడుగ్గా గీసినట్టు ఉంది.

"నువ్వు రోజూ దీన్ని అద్దంలో చూసుకుంటున్నావా?"

"రోజుకు నాలుగైదుసార్లు చూసుకుంటా ఉండానండీ."

"చూసుకునేటప్పుడు ఆ గొలుసు ఇలాగే వీపు మీదికి వేసుకుంటావా?"

అవునన్నాను. అడ్డం కదా.

"ఒకసారి మామూలుగా ఎలా ఉంటుందో అలా వదులు."

గొలుసును ముందుకు తెచ్చి వదిలాను. పిన్నీసుల గుత్తి, తాయెత్తుతో సహా, జారి వచ్చి సరిగ్గా ఆ మచ్చ మీద కూర్చుంది. గుండ్రటి పక్కన గుండ్రంగా, పొడుగు పక్కన పొడుగ్గా. ఒక గీత అటు లేదు, ఇటు లేదు. నేను కుట్టిన ఏ జాకెట్టూ ఎవరికీ అంత కచ్చితంగా కుదరలేదు.

ముందు మా అత్త నోరు తెరిచింది.

"ఆ ఆఖరిది నేనే తగిలించినానమ్మా" అంది డాక్టరుతో, నేరం ఒప్పుకున్నట్టు.

డాక్టరు నవ్వింది. కొందరి ఒంటికి ఆ ఇనుప వస్తువుల పూత పడదనీ, ఎండాకాలం చెమటకు అది ఇంకా రేగుతుందనీ, పైన నేను రాసిన తామర మందు మంటను పెంచిందనీ చెప్పింది. రాయడానికి ఒక మందు ఇచ్చింది. పిన్నీసులన్నీ తీసెయ్యమంది. "రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే ఊరుకోను, నెల్లూరు పంపిస్తాను. తగ్గినా సరే, మీ అమ్మకు వచ్చింది కాబట్టి స్కానింగు చేయించుదాం. నువ్వు వచ్చింది మంచి పని. రాకుండా ఉంటే మాత్రం తిట్టేదాన్ని" అంది.

బయటికొచ్చి బస్టాండులో బెంచీ మీద కూర్చుని, అత్త నా గొలుసు పట్టుకుని ఒక్కో పిన్నీసూ విప్పింది. ఆమె చూపు ఆనక వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. తాయెత్తును తీసి తన పైట చెంగున ముడి వేసుకుంది. "ఇది నాకుండనీ. నీ మీద పని చెయ్యలా" అంది. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్ల నీళ్లు వచ్చాయి. పక్కన సంగం బస్సు కోసం నిలబడ్డ ఆమె మమ్మల్ని వింతగా చూసింది.

ఆ రెండు వారాలు అంత సులభంగా గడవలేదు. కారణం తెలిసినా భయం వెంటనే పోదు. రోజూ చూసుకునేదాన్ని. మూడోరోజు దురద తగ్గింది. వారానికి అంచులు పలచబడ్డాయి. ఆ ముడత ఏ రోజు పోయిందో గమనించనే లేదు. స్కానింగులో కూడా ఏమీ లేదని రాశారు. మా ఆయనకు ఫోను చేస్తే మళ్లీ లారీ పక్కకు ఆపాడు. కూతురికి మాత్రం అంతా అయ్యాక చెప్పాను. ముందు చెప్పనందుకు అది నన్ను కడిగేసింది. తిట్టించుకోవడం ఇంత బాగుంటుందని నాకు తెలియదు. "ఇంకోసారి దాస్తే పురుటికి రాను" అంది. సరేనన్నాను.

ఇప్పుడు పిన్నీసులు మిషను పక్కన గిన్నెలో ఉంటాయి. కొలతలకు వచ్చినవాళ్లు నా మెడ వైపు చెయ్యి చాచి, ఏమైంది అంటారు. చెబుతాను. పరదా వెనక, ఆ మాటనే వాడి చెబుతాను. మొదట్లో నా చెవికే వింతగా ఉండేది. ఎవరైనా ఒక పక్క లూజు చేయమంటే ఎందుకని అడుగుతాను. ఎక్కువమందికి పాలు తాగే బిడ్డ ఉంటుంది, లేదంటే నా కుట్టే తేడా ఉంటుంది. అయినా అడుగుతాను.

మొన్న నా కూతురి సీమంతానికి జాకెట్టు కావాలంది మా అత్త. పరదా లాగి టేపు పెట్టాను. రెండు పక్కలా సమానంగానే ఉంది. టేపు మెడలో వేసుకుని అడిగాను.

"అత్తా, నీకెప్పుడన్నా ఏదన్నా కనిపించిందా? మచ్చ గానీ, గడ్డ గానీ."

"నీకేం పన్లేదా? ముసల్దానికి ఏముంటాది" అంది.

నేను కదల్లేదు. ఆమె నన్ను కాసేపు చూసింది. తర్వాత మెల్లగా పై హుక్కు విప్పి, కుడి వైపు వేలు పెట్టి చూపించింది. తెల్లగా, బియ్యపు గింజంత గీత ఒకటి. దగ్గరగా చూస్తే తప్ప కనపడదు.

"ఇదొకటి ఉండాది. నీ మొగుడిదే. పన్నొచ్చిన కొత్తలో కొరికినాడు. నెత్తురొచ్చింది. మీ మామకు కూడా చెప్పలా నేను."

"నొప్పి పుట్టలేదా?"

"ఎందుకు పుట్టదు? పన్నొచ్చింది గదా అని సంబరపడినా." హుక్కు పెట్టుకుంటూ, "వాడికి చెప్పబాక, సిగ్గుపడతాడు" అంది.

చెప్పనన్నాను. పుస్తకం తీసి ఆమె కొలతలు రాసుకున్నాను. పాత పేజీలు తిప్పుతుంటే తొమ్మిదేళ్ల కిందటి నా రాత కనిపించింది. అమ్మ, నాలుగు జాకెట్లు, ఎడమ పక్క అర ఇంచు వదులు.

మా అమ్మ మీద కూడా నా పన్ను గాటు ఏదో ఉండే ఉంటుంది. ఏ వైపు ఉందో నాకు తెలియదు. ఆరోజు ఇదే పరదా వెనక, చేతులు పైకెత్తి, నా ముందే నిలబడి ఉంది. అడిగి ఉంటే చూపించేది.